గ్రాండ్‌మాస్టర్ సంపాదకుడైతే: జాన్ నన్ వృత్తి జీవితం గురించి ఒక సందేహం

ప్రశ్న: అరండల్‌పేట చదువరి (గుంటూరు)

నమస్కారం. నేను గణితంలో ఎమ్మెస్సీ పూర్తి చేసి, పగలు గుంటూరులోని ఒక జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతూ, సాయంత్రాలు పిల్లలకు చదరంగం నేర్పిస్తున్నాను. గుంటూరు, విజయవాడల్లోని కొందరు మిత్రులం కలిసి మూడు నెలలకొకసారి వెలువడే చిన్న చదరంగం పత్రికను తెలుగులో తీసుకురావాలని అనుకుంటున్నాం. ఆటలు ఎంపిక చేయడం, వాటి మీద వచ్చే వ్యాఖ్యానాలను సరిచూడడం నా వంతుకు వచ్చాయి. ఈ పని గతంలో ఎవరు ఎలా చేశారని వెతుకుతూ ఇంగ్లండ్‌కు చెందిన గ్రాండ్‌మాస్టర్ (చదరంగంలో అత్యున్నత బిరుదు) జాన్ నన్ దగ్గర ఆగిపోయాను.

ఆయన గురించి ఎక్కడ చదివినా గణిత పండితుడిగా ఒక పేరా, ఆటగాడిగా ఒక పేరా, రచయితగా, ప్రచురణకర్తగా ఇంకో పేరా విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇవి ఒకదాని తర్వాత ఒకటి జరిగినవా, లేక ఒకే పని ఇన్ని రూపాల్లో సాగిందా? ఆట తగ్గిన తర్వాత పొట్టకూటి కోసం పుస్తకాల వైపు మళ్లారని మా మిత్రుల్లో ఒకరి వాదన. ఇక నా రెండో సందేహం: జేబులో ఉన్న ఫోను ప్రపంచ ఛాంపియన్ కంటే బాగా ఆడుతున్న ఈ రోజుల్లో, వ్యాఖ్యానంలోని తప్పులు పట్టడానికి బలమైన ఆటగాడే సంపాదకుడుగా ఉండవలసిన అవసరం ఉందా? నా రేటింగ్ (ఆట బలాన్ని తెలిపే సంఖ్య) 1900 దగ్గరే ఉంది కనుక ఈ ప్రశ్నలో కొంత స్వార్థం ఉందని దాచడం లేదు.

జవాబు: లబ్బీపేట కోచ్ (విజయవాడ)

మీ మిత్రుడి వాదనకు తేదీలే సమాధానం చెబుతాయి. నన్ 1955లో లండన్‌లో పుట్టారు. 1970లో, పదిహేనేళ్ల వయసులో, గణితం చదవడానికి ఆక్స్‌ఫర్డ్‌లోని ఓరియల్ కళాశాలలో చేరారు. పదిహేనో శతాబ్దంలో చదివిన కార్డినల్ వూల్సీ తర్వాత అంత చిన్న వయసులో ఆక్స్‌ఫర్డ్‌లో చేరినవారు లేరని అప్పట్లో పేరు వచ్చింది. 1978లో టోపాలజీ అనే గణిత శాఖకు సంబంధించిన అంశం మీద డాక్టరేట్, అదే ఏడాది గ్రాండ్‌మాస్టర్ బిరుదు వచ్చాయి. అధ్యాపకుడిగా ఉంటూనే 1980లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యారు. 1981లో ఆ ఉద్యోగం మానేసి పూర్తికాలపు ఆటగాడయ్యారు. ఇక్కడి తల్లిదండ్రులు వింటే గుండె పట్టుకునే నిర్ణయం అది.

తర్వాతి పదేళ్లు ఆయన ఆట శిఖరాన ఉంది. 1984లో థెస్సలోనికిలో జరిగిన ఒలింపియాడ్‌లో (దేశాల జట్ల పోటీలో) రెండో బోర్డు మీద 11 ఆటల్లో 10 పాయింట్లు సాధించారు. ఆ ఏడాదీ, 1986లోనూ, 1988లోనూ ఇంగ్లండ్ జట్టు సోవియట్ జట్టు తర్వాతి స్థానంలో నిలిచి రజతం గెలుచుకుంది. నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జే టోర్నమెంటును 1990, 1991లలో వరుసగా గెలిచారు. అదే ఊళ్లో 1985లో సోవియట్ గ్రాండ్‌మాస్టర్ బెల్యావ్‌స్కీ మీద కింగ్స్ ఇండియన్ అనే ఆరంభ పద్ధతిలో ఆడిన ఆటను నేను ప్రతి బ్యాచ్ పిల్లలకూ చూపిస్తాను. (బోర్డు నిలువు వరుసలకు ఏ నుంచి హెచ్ వరకు అక్షరాలు, అడ్డు వరుసలకు 1 నుంచి 8 వరకు అంకెలు.) పన్నెండో ఎత్తులో తెల్లబంటు జీ4కు వచ్చి, హెచ్5లోని నల్లగుర్రాన్నీ ఎఫ్5లోని ఏనుగునూ ఒకేసారి బెదిరిస్తుంది. పిల్లలందరూ ఏది వెనక్కి తీయాలా అని చూస్తారు. నన్ ఏనుగుతో ఎఫ్3లోని బంటును కొట్టి, గుర్రాన్ని అక్కడే వదిలేశారు. తెల్ల ఆటగాడు గుర్రాన్ని తీసుకున్న తర్వాత కూడా చెక్ లేదు, దేన్నీ కొట్టడం లేదు. మంత్రిని నెమ్మదిగా ఎఫ్8కు జరిపారంతే. ఇరవై ఏడో ఎత్తుకు ఆట ముగిసింది.

ఇప్పుడు పుస్తకాల సంగతి. ఏనుగుల ఎండ్‌గేమ్‌ల (కొద్ది పావులే మిగిలిన ఆట చివరి దశల) మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1992లో, బంట్లు లేని ఎండ్‌గేమ్‌ల గ్రంథం 1994లో, గుర్రాలు, శకటుల ఎండ్‌గేమ్‌ల గ్రంథం 1995లో వచ్చాయి. ఆయన రేటింగ్ అన్నిటికంటే ఎక్కువగా, అంటే 2630గా నమోదైంది 1995 జనవరిలో! ఆట తగ్గాక పుస్తకాలు రాసిన మనిషికి ఈ లెక్క ఎక్కడా కుదరదు. గ్రాండ్‌మాస్టర్ ముర్రే చాండ్లర్, ఫిడే మాస్టర్ (గ్రాండ్‌మాస్టర్ కంటే తక్కువ బిరుదు) గ్రాహం బర్జెస్‌లతో కలిసి గాంబిట్ ప్రచురణ సంస్థను స్థాపించడం 1990ల చివరి మాట. ఆ తర్వాత పెద్ద టోర్నమెంట్లు తగ్గించుకున్నారన్నది నిజమే గానీ, ప్రాబ్లమ్ సాల్వింగ్‌లో, అంటే చదరంగ సమస్యలను సాధించే పోటీల్లో, 2004, 2007, 2010 సంవత్సరాల్లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 65 ఏళ్లు పైబడినవారి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను 2022లోనూ 2023లోనూ గెలిచారు.

నన్ మరీ తెలివైనవారు కావడం వల్లనే ప్రపంచ ఛాంపియన్ కాలేకపోయారని తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన మాగ్నస్ కార్ల్‌సన్ 2010లో ఒక జర్మన్ పత్రికతో అన్న మాట చాలాసార్లు ఉటంకిస్తుంటారు. వినడానికి బాగుంటుంది, నేను మాత్రం పూర్తిగా ఒప్పుకోను. నన్ కాలంలో కార్పోవ్, కాస్పరోవ్ అనే ఇద్దరు ప్రపంచ ఛాంపియన్లు ఉన్నారన్న కారణం చాలదా?

జవాబు: బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

విశ్రాంత గణిత అధ్యాపకుడిని. కోచ్ గారు తేదీలు చెప్పారు కనుక, ఆ మూడు ఎండ్‌గేమ్ గ్రంథాల్లో జరిగిన పని ఏమిటో నేను చెబుతాను. మీ రెండో సందేహానికి సమాధానం అక్కడే ఉందని నా నమ్మకం.

యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థామ్సన్, బోర్డు మీద మొత్తం అయిదు పావులు మాత్రమే మిగిలిన స్థితులకు కంప్యూటర్ డేటాబేస్‌లు తయారు చేశారు. వాటిలో ఏ స్థితిని అడిగినా గెలుపో డ్రానో నిస్సందేహంగా తెలుస్తుంది, గెలుపైతే ఎన్ని ఎత్తుల్లోనో కూడా తెలుస్తుంది. అయితే ఆ జవాబు లెక్కల పుస్తకం చివరి పేజీలో అచ్చయిన జవాబు లాంటిది. దాన్ని చూసి ఏ విద్యార్థీ లెక్క నేర్చుకోలేడు. ఏనుగు, బంటు ఒకవైపు, ఏనుగు ఒక్కటే మరోవైపు ఉన్న స్థితుల గుట్టలోంచి మనిషి గుర్తుపెట్టుకోగలిగినవి ఏవో ఎంచి, వాటికి కారణాలు వెతికి, వరుసలో పేర్చి చెప్పడమే నన్ చేసిన పని. ఆ ఒక్క ఎండ్‌గేమ్‌లోనే, ఎవరి వంతు వస్తే వారికే నష్టం కలిగే పరస్పర జుగ్‌జ్వాంగ్ స్థితులు 209 ఉన్నాయని తేల్చారు.

జుగ్‌జ్వాంగ్ తెలియని పాఠకులుంటే బోర్డు మీద ఇలా పెట్టి చూడండి. తెల్లరాజు డి5లో, తెల్లబంటు ఈ4లో. నల్లరాజు ఎఫ్4లో, నల్లబంటు ఈ5లో. బంట్లు ఒకదానికొకటి అడ్డంగా నిలబడి కదలలేవు. ఇద్దరు రాజులూ తమ బంటును కాపాడుతూ ఎదుటి బంటును పట్టుకుని ఉన్నారు. ఎవరి వంతు వచ్చినా రాజును కదపక తప్పదు, కదిపితే బంటు పోతుంది, దానితో ఆట పోతుంది. నాలుగే పావులున్న ఈ స్థితిలో కారణం కంటికి కనిపిస్తుంది. ఏనుగులు వచ్చిన తర్వాత కారణం దాగిపోతుంది, యంత్రం దాన్ని చెప్పదు. దాన్ని బయటకు తీయడానికి గణితజ్ఞుడి ఓపికా, ఆటగాడి అనుభవమూ రెండూ కావలసి వచ్చాయి. కాబట్టి ఒకే పని ఇన్ని రూపాల్లో సాగిందా అన్న మీ అనుమానం సరైనదే.

ఇంకొక ఉదాహరణ. 1911 నాటి కార్ల్స్‌బాద్ టోర్నమెంటు ఆటలనూ, 1993 నాటి బీల్ ఇంటర్‌జోనల్ (ప్రపంచ ఛాంపియన్‌షిప్ అర్హత పోటీ) ఆటలనూ ఇంజిన్‌కు (చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాంకు) ఇచ్చి, అది తప్పులని గుర్తించిన చోట్లను మళ్లీ తానే పరిశీలించి, ఆ రెండు తరాల స్థాయిని పోల్చారు. పాత తరం వారు మనం అనుకున్న దానికంటే చాలా ఎక్కువగా ఘోరమైన తప్పులు చేశారన్నది ఆయన నిర్ణయం. పాతవారి మీద భక్తి ఉన్నవారికి ఇది రుచించలేదు. ఆ నిర్ణయం కంటే ఆయన పద్ధతి మీకు ముఖ్యం. యంత్రం ఎక్కడ చూడాలో చెప్పింది, చూసింది మాత్రం మనిషే.

1900 రేటింగ్‌తో సంపాదకత్వం చేయవచ్చా అంటే, గాంబిట్ స్థాపకుల్లో బర్జెస్ గ్రాండ్‌మాస్టర్ కారని కోచ్ గారే రాశారు. మీ పాఠకుల్లో ఎక్కువ మంది 1200 నుంచి 1600 మధ్య ఉంటారు. 'ఇక్కడ గుర్రాన్ని ఎందుకు కొట్టకూడదు?' అని వాళ్లు ఎక్కడ ఆగిపోతారో గ్రాండ్‌మాస్టర్ కంటే మీకే బాగా తెలుస్తుంది. ఇంజిన్‌కు ఆ ప్రశ్న అసలు తట్టదు.

జవాబు: ఏలూరు రోడ్ ప్రూఫ్‌రీడర్ (విజయవాడ)

నాకు చదరంగం బాగా వచ్చని చెప్పలేను. పుస్తకాల అచ్చు పనిలో మాత్రం చాలా కాలంగా ఉన్నాను. ఆ అనుభవంతో, ఇద్దరు పెద్దలూ తాకని ఒక విషయాన్ని ముందుకు తెస్తున్నాను. నన్ సంపాదక జీవితంలో వివాదం కూడా ఉంది, మీరు దాన్ని తెలుసుకోవాలి.

అమెరికాకు చెందిన ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ తన 60 ఆటలకు స్వయంగా రాసుకున్న వ్యాఖ్యానాల పుస్తకం 1969లో వచ్చింది. అందులో ఎత్తులు పాత పద్ధతిలో, అంటే 'రాజుపక్క గుర్రం ఎదుట బంటు' అనే ధోరణిలో ఉంటాయి. 1995లో బాట్స్‌ఫర్డ్ సంస్థ దాన్ని గడిని అక్షరం, అంకెతో చెప్పే ఇప్పటి ఆల్జీబ్రాయిక్ పద్ధతిలోకి మార్చి అచ్చు వేసింది. ఆ బాధ్యత నన్ చేతుల్లో ఉంది. ఎత్తుల రాత మార్చడంతో పని ఆగలేదు. వ్యాఖ్యానంలోని మాటలు, విశ్లేషణలు కూడా చాలా చోట్ల మారాయి. ఫిషర్ బహిరంగంగా, తీవ్రంగా ఆక్షేపించారు. చదరంగ చరిత్రకారుడు ఎడ్వర్డ్ వింటర్ ఆ మార్పులను ఒక్కొక్కటిగా బయటపెట్టారు. 2008లో అదే సంస్థ మూలపాఠానికి కట్టుబడిన కూర్పును మళ్లీ తీసుకురావలసి వచ్చింది.

ఇది ఫిషర్ కోపిష్టితనం వల్ల వచ్చిన గొడవగా కొట్టిపారేయకండి. తప్పు ఎక్కడ కనిపించినా సరిదిద్దాలన్న అలవాటే నన్‌ను గొప్ప విశ్లేషకుడిని చేసింది, ఆ అలవాటే ఇక్కడ హద్దు దాటింది. ఆటగాడు 1969లో ఏమి చూశాడో, ఏమి చూడలేదో తెలియజేయడం కూడా ఆ పుస్తకం విలువలో భాగం. మీ పత్రికలో ఎవరైనా ఆటగాడు తన ఆటకు తానే వ్యాఖ్యానం రాసి పంపితే, ఆయన రాసిన విశ్లేషణను అలాగే ఉంచి, మీ సవరణను చదరపు కుండలీకరణాల్లో, చివర 'సం.' అని పెట్టి వేయండి.

విశాలాంధ్ర దుకాణంలో సోవియట్ పుస్తకాలు చవకగా దొరికిన రోజుల్లో చదరంగం పుస్తకాలు కూడా కొన్ని నా చేతుల మీదుగా వెళ్లాయి. సోవియట్ చదరంగ పత్రికకు సంపాదకుడిగా పనిచేసిన అవెర్బాఖ్ కూడా గ్రాండ్‌మాస్టరే. ఆయన 1954లో సోవియట్ ఛాంపియన్. ఎండ్‌గేమ్‌ల మీద సంపుటాలు వెలువరించారు. నూరేళ్లు నిండిన తర్వాత 2022లో కన్నుమూశారు. కనుక ఆట, సంపాదకత్వం కలిసి నడవడం నన్‌తో మొదలైంది కాదు.

జవాబు: సత్యనారాయణపురం ఆటగాడు (విజయవాడ)

ప్రూఫ్‌రీడర్ గారి అభిప్రాయంతో ఒక మేరకు విభేదిస్తున్నాను. తన కాలంలో ఎవరు ఏమి చూశారన్నది చరిత్రకారుడికి కావాలి. రేపు టోర్నమెంటులో అదే స్థితి ఎదురయ్యే పదమూడేళ్ల పిల్లకు సరైన ఎత్తు కావాలి. తప్పని తెలిసిన విశ్లేషణను ప్రధాన పాఠంలో ఉంచి, సవరణను చిన్న అక్షరాల్లో పక్కకు నెడితే, పిల్లలు పెద్ద అక్షరాలే చదువుతారు. పుస్తకం ప్రసిద్ధ రచయితదైతే మూలాన్ని గౌరవించాలి. పత్రికలో వచ్చే వ్యాఖ్యానానికి మాత్రం రచయితకు ఫోన్ చేసి, ఒప్పించి, పాఠాన్నే సరిదిద్దడం మంచిది. ఫిషర్ విషయంలో నాకు తప్పుగా కనిపించేది మార్చడం కాదు, రచయితతో సంబంధం లేకుండా మార్చడం.

ప్రశ్న వేసినవారు: అరండల్‌పేట చదువరి

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారు చెప్పిన తర్వాత రేటింగ్ గురించిన బెరుకు కొంత తగ్గింది. ఆటగాడు గారు చెప్పినట్లు రచయితతో మాట్లాడి పాఠాన్నే సరిదిద్దుతాం. ఆయన ఒప్పుకోకపోతే ప్రూఫ్‌రీడర్ గారి పద్ధతిలో 'సం.' గుర్తు వాడతాం.

ఇంకొక చిక్కు ఉంది. మొదటి సంచికలో ఏ ఆటలు వేయాలన్నది మాలో తేలడం లేదు. గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక. గుడివాడ నుంచి వచ్చిన కోనేరు హంపి. విజయవాడ నుంచి లలిత్ బాబు. నలుగురు గ్రాండ్‌మాస్టర్ల ఆటలు డేటాబేస్‌లలో వేలల్లో ఉన్నాయి గానీ, తెలుగులో వ్యాఖ్యానంతో చదువుదామంటే దాదాపు శూన్యం. వాటినే వేద్దామని కొందరు, జిల్లా టోర్నమెంట్లలో పిల్లలు ఆడిన ఆటలు వేద్దామని కొందరు అంటున్నారు. మరో ఇబ్బంది గుర్తులది. 'తెల్లవారికి స్వల్ప ఆధిక్యం' అని ప్రతి ఎత్తుకూ రాస్తూ పోతే ఒక్క ఆటకే నాలుగు పేజీలు పడుతున్నాయి.

జవాబు: లబ్బీపేట కోచ్

గుర్తుల ఇబ్బందిని బెల్‌గ్రేడ్‌లో మరో గ్రాండ్‌మాస్టర్ ఎప్పుడో తీర్చారు. యుగొస్లావియాకు చెందిన మాతనోవిచ్ 1966లో చెస్ ఇన్ఫార్మేటర్ అనే ఆటల సంకలనాన్ని ప్రారంభించినప్పుడు, మాటలు లేకుండా గుర్తులతోనే వ్యాఖ్యానించే పద్ధతిని స్థిరపరచారు. కూడిక కింద తీసివేత ఉంటే తెల్లవారిది పైచేయి, తలకిందులైతే నల్లవారిది, చిన్న చదరం ఉంటే వేరే ఎత్తు లేదని అర్థం. ఓపెనింగ్‌లకు (ఆట ఆరంభ పద్ధతులకు) ఏ నుంచి ఈ వరకు అయిదు అక్షరాలు, ఒక్కో అక్షరానికి నూరు సంఖ్యలు, మొత్తం 500 విభాగాలు కూడా ఆ సంస్థ ఏర్పరచినవే. ఏ భాష వారైనా చదవగలిగేలా చేసిన ఏర్పాటు అది. మొదటి సంచికలో గుర్తుల పట్టిక ఒకటి ఇచ్చి, పక్క విశ్లేషణలకు గుర్తులు, ప్రధాన ఎత్తులకు తెలుగు వాక్యాలు వాడండి. మరీ గుర్తులతో నింపితే మాస్టారు గారు చెప్పిన 'ఎందుకు' మళ్లీ మాయమవుతుంది.

ఆటల ఎంపికలో నా ఓటు రెండింటికీ ఉంది, అయితే హరికృష్ణ ఆట ఒకటి తప్పక ఉండాలి. 2001లోనే గ్రాండ్‌మాస్టర్ అయిన ఆయన, 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు. అదే ఏడాది ప్రపంచ టైటిల్ పోరులో గుకేశ్ వెనుక పనిచేసిన బృందంలోనూ ఉన్నారు. ఇంకొకరి ఆట కోసం కూర్చుని విశ్లేషించే ఆ పనికీ మీరు తలపెట్టిన పనికీ దగ్గరి చుట్టరికం ఉంది.

జవాబు: ఏలూరు రోడ్ ప్రూఫ్‌రీడర్

అచ్చు గురించి మరికొన్ని మాటలు. చదరంగం పుస్తకంలో అక్షరదోషం కంటే ప్రమాదకరమైనది బొమ్మలో (బోర్డు మీది స్థితిని చూపే పటంలో) దోషం. అక్షరం తప్పితే పాఠకుడు సర్దుకుంటాడు. డి1లో ఉండవలసిన ఏనుగు ఈ1లో అచ్చయితే, కింద రాసిన వ్యాఖ్యానమంతా అబద్ధమైపోతుంది, పాఠకుడేమో తనకే అర్థం కాలేదనుకుంటాడు. అందుచేత ప్రూఫు చూసేటప్పుడు కంప్యూటర్‌లోని ఫైలుతో పోల్చకండి. అచ్చుకాగితం మీద ఉన్న ఎత్తులను ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు మొదటి ఎత్తు నుంచి బోర్డు మీద ఆడాలి, బొమ్మ వచ్చిన ప్రతి చోటా ఆగి, బోర్డునూ బొమ్మనూ గడి గడిగా సరిచూడాలి. ఎవరి వంతో తెలిపే గుర్తు బొమ్మ పక్కన ఉందో లేదో కూడా అప్పుడే చూడండి. మాస్టారు గారి రాజు-బంటు ఉదాహరణలో ఆ గుర్తు మారితే గెలుపోటములే తారుమారవుతాయి.

బొమ్మల ఫాంటు, తెలుగు ఫాంటు ఒకే వరుసలో కలిస్తే కొన్ని డీటీపీ కేంద్రాల్లో పావుల గుర్తులు చెదిరి ప్రశ్నార్థకాలుగా మారుతుంటాయి. ముందుగా ఒక్క ఫారం (ఒకే కాగితం మీద అచ్చయ్యే పేజీలు) మాత్రం వేయించి, కోచ్ గారికొక ప్రతి, మాస్టారు గారికొక ప్రతి పంపండి. పిల్లల ఆటలు తీసుకునేటట్లయితే స్కోరు షీటు (ఆడుతూ ఎత్తులు రాసుకునే కాగితం) నకలు కూడా జతచేయమనండి. ఎత్తు రాసేటప్పుడు గడిని తప్పుగా రాసిన పిల్లలు చాలామంది ఉంటారు, అసలు ఆట ఏమిటో ఆ కాగితం చూస్తే గానీ తేలదు.